పేరు లేని కొలతలు

లూసీ గారి కొలతల పుస్తకంలో ప్రతి పేజీకీ పైన ఒక పేరు ఉండేది, ఒక్క పేజీకి తప్ప. ఆ పేజీ సంగతి చెప్పాలంటే ముందు లూసీ గారి సంగతి చెప్పాలి.

ఆవిడది నరసాపురం. ఆవిడ పుట్టిన పేటలో ఆడపిల్లలకి పలకా బలపం కంటే ముందు లేసు అల్లే సూది చేతికొచ్చేది. మిషనరీల స్కూల్లో కుట్టుపని నేర్పే టీచరమ్మ ఓ రోజు ఆవిడ కుట్టిన జాకెట్టుని తిరగేసి చూసి, "లోపలి కుట్టు కూడా బయటి కుట్టులాగే ఉందే" అన్నదట. ఆ ఒక్క మెప్పు ఆవిడకి జన్మంతా సరిపోయింది. తర్వాత ఎవరైనా జాకెట్టు బాగుందంటే చాలు, వెంటనే తిరగేసి లోపలి వైపు చూపించేవారు. పైకి బాగా ఎవరైనా కుడతారు, ఇటు చూడండి అనేవారు.

1973లో భర్త దైవాశీర్వాదం గారికి న్యూజెర్సీలో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగం దొరికింది. సీసాల్లోకి ఎక్కిన మందు బాగుందో లేదో పరీక్షించి తేల్చడం ఆయన పని. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. ఇంట్లో పాలు బాగున్నాయో లేదో కూడా ఆయన డబ్బా మీది తేదీ చూసి తేల్చేవారే తప్ప వాసన చూసి కాదు. ఎడిసన్‌లో ఇల్లు తీసుకోగానే లూసీ గారు వంటిల్లు చూడకుండా ముందు బేస్‌మెంట్ చూశారు. కుట్టుమిషనుకి కిటికీ పక్కన చోటుంది, గుడ్డ పరిచి కత్తిరించడానికి పొడుగాటి బల్ల పడుతుంది. ఇంక ఆ ఇంటికి వంక పెట్టలేదు.

ఇప్పుడు ఇండియన్ బజారులా ఉండే ఓక్ ట్రీ రోడ్డు మీద అప్పటికి చీరల దుకాణాలూ లేవు, జాకెట్లు కుట్టేవాళ్ళూ లేరు. తెలుగు ఆడవాళ్ళు ఇండియా నుంచి డజన్ల కొద్దీ జాకెట్లు కుట్టించుకుని వచ్చేవారు. రెండేళ్ళపాటు ఇక్కడి వెన్నా ఐస్‌క్రీమూ ఒంటబట్టాక వాటిలో ఒక్కటీ మోచెయ్యి దాటి పైకి ఎక్కేది కాదు. ఆ ముక్క ఒప్పుకోలేక, వాషింగ్ మెషీన్‌లో వేస్తే గుడ్డ కుంచించుకుపోయిందని చెప్పేవారు. లూసీ గారు మొత్తం నమ్మినట్టు మొహం పెట్టి, రెండంగుళాలు పెంచి కుట్టి ఇచ్చేవారు.

కొలతలు తీసేటప్పుడు ఆవిడ మొదటి మాట ఎప్పుడూ ఒకటే. "చేతులు పైకెత్తండమ్మా." చేతులు ఎత్తగానే ఆడవాళ్ళకి నోరు కూడా తెరుచుకునేది. ఎవరికి నెల తప్పిందో, ఎవరింట్లో మొగుడికి ఉద్యోగం ఊడిందో, ఎవరు ఎవరితో మాటలు మానేశారో అన్నీ ఆ బల్ల పక్కనే బయటపడేవి. ఇంకొకరైతే ఆ కబుర్లతో న్యూజెర్సీ అంతా అంటించేవారు. లూసీ గారు మాత్రం బేస్‌మెంట్‌లో విన్నది మెట్లెక్కనిచ్చేవారు కాదు. భర్తకి కూడా చెప్పేవారు కాదు. ఆయన అడిగేవారూ కాదు.

1978 అక్టోబరులో విజయశ్రీ వచ్చింది. హనుమకొండ అమ్మాయి, ముప్ఫై నాలుగేళ్ళుంటాయి, భర్త గోపాల్ ఇంజనీరు. అంతకు రెండు నెలల ముందు నుంచీ ఆమె చీరకట్టు మారిపోయింది. పైట వెనక నుంచి కుడి భుజం మీదుగా ముందుకు తెచ్చి, ఛాతీ నిండా పరిచి, నడుముకి ఎడమ వైపు దోపుకుంటోంది. గుజరాతీవాళ్ళ పద్ధతి. వినాయక చవితి ఫంక్షన్‌లో చూసిన తెలుగువాళ్ళంతా ఏమిటీ షోకు అని చెవులు కొరుక్కున్నారు. మరుసటి నెల పుట్టినరోజు పార్టీకి వాళ్ళలోనే నలుగురు అదే కట్టు కట్టుకొచ్చారు. అమెరికాలో తెలుగు ఫ్యాషన్లు పుట్టే తీరు అలాంటిది.

బేస్‌మెంట్‌లో విజయశ్రీ తలుపు గడియ పెట్టింది. లూసీ గారు టేపు తీసి అలవాటు ప్రకారం, "చేతులు పైకెత్తండమ్మా" అన్నారు.

ఎడమ చెయ్యి లేచింది. కుడి చెయ్యి భుజం దాకా కూడా లేవలేదు.

పైట తీశాక చూస్తే కుడి రొమ్ము లేదు. రొమ్ము ఒక్కటే కాదు, దాని కింద ఉండాల్సిన కండ కూడా లేదు. గూడెముక కింద గుంట పడి, పక్కటెముకలు ఒక్కొక్కటే లెక్కపెట్టేలా ఉన్నాయి. చెయ్యి భుజం నుంచి మణికట్టు దాకా వాచి ఉంది. ఎన్ని వందల మందికో కొలతలు తీసిన మనిషికి టేపు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ, ఎదుటి మనిషి ఏడవకుండా నిలబడి ఉంటే తాను ఏడవడం మర్యాద కాదని బలవంతాన ఆపుకున్నారు.

"చిన్న గడ్డ ఉన్నదని పోయిన అక్కా," అంది విజయశ్రీ. "డాక్టర్ కాగితం ఇచ్చిండు. సైన్ చేసిన. గోపాల్ గూడ చేసిండు. మత్తిచ్చి ముక్క తీసి చూస్తరట, క్యాన్సర్ అయితే లేపకుండ అప్పుడే అంతా తీసేస్తరట. కాగితంల అదంత రాసే ఉన్నది. నేను చదవలే."

"చదవలేదా?"

"డాక్టర్ ముందు కూసోని ఆయనిచ్చిన కాగితం చదువుడంటే ఆయనను నమ్మనట్టు గద అక్కా. మనింట్ల ఎవరన్న అట్ల చేస్తరా? లేచి చూసుకునే వరకు ఇట్ల ఉన్న."

లూసీ గారికి ఆ మాట సూటిగా తగిలింది. తానైనా అంతే చేసి ఉండేవారు. పెద్దచదువు చదివిన మనిషి ఏదైనా ఇస్తే రెండు చేతులా తీసుకోవడమే గానీ, విప్పి చూడడం ఆవిడకీ ఎవరూ నేర్పలేదు.

"ఎవ్వరికి చెప్పకు అక్కా. అన్నకు గూడ."

"చెప్పను. పుస్తకంలో పేరు కూడా రాయను."

అలా ఆ పేజీ పేరు లేకుండానే మొదలైంది. ఎడమ చెయ్యి చుట్టుకొలత పది అంగుళాలు, కుడి చెయ్యి పదకొండున్నర అని రాసుకున్నారు.

హాస్పిటల్‌వాళ్ళు ఇచ్చిన దూది ముద్దకి బరువు లేదు. విజయశ్రీ నాలుగడుగులు వేస్తే చాలు, అది గడ్డం కిందికి ఎక్కి కూర్చునేది. సరిగ్గా బరువుండేవి దుకాణాల్లో దొరుకుతాయని విన్నది గానీ, అక్కడికి వెళ్ళి తెల్ల అమ్మాయి ముందు పైట తీయాలంటే చచ్చినంత సిగ్గు. లూసీ గారు వారం రోజులు బుర్ర బద్దలుకొట్టుకున్నారు. ఒక సాయంత్రం పప్పుకి పోపు వేస్తూ ఆవాల డబ్బాలో చెయ్యి పెట్టి ఆగిపోయారు. గుప్పిట్లో ఆవాలు మెత్తగా జారుతున్నాయి, బరువుగానూ ఉన్నాయి. పప్పు మాడిపోయిందని ఆ పూట దైవాశీర్వాదం గారు పెరుగన్నంతో సరిపెట్టుకున్నారు.

జాకెట్టు లోపల అస్తరుతో ఒక జేబు, జేబులో పల్చటి గుడ్డ సంచి, సంచిలో ఆవాలు. కూర్చుంటే కూర్చునేది, వంగితే వంగేది. విజయశ్రీ అద్దంలో పక్కకి తిరిగి ఎంతసేపు చూసుకుందో చెప్పలేం. మూడు వారాల తర్వాత ఫోను.

"అక్కా," గొంతు తగ్గించి అంది, "మొలకలొచ్చినయ్."

సంచి తీయకుండానే జాకెట్టు ఉతికి, చలికాలం కదా అని హీటర్ పక్కన ఆరేసింది. తడి తగిలిన ఆవాలు ఊరుకుంటాయా? లూసీ గారు నవ్వు ఆపుకోవాలని చూశారు, కుదరలేదు. అటు విజయశ్రీ కూడా అందుకుంది. ఆపరేషన్ తర్వాత నవ్వడం ఇదే మొదలని తర్వాత చెప్పింది. రెండోసారి ఆవాలు వేయించి పోశారు. మొలకలు రాలేదు గానీ మనిషి దగ్గర పోపు వాసన వచ్చింది. చివరికి లూసీ గారే ఆమెని కారెక్కించుకుని దుకాణానికి తీసుకెళ్ళి, ఆ తెల్ల అమ్మాయి ముందు తాను అడ్డంగా నిలబడి, అసలైనది కొనిపించారు. జేబు మాత్రం లూసీ గారిదే. గూడెముక కింది గుంట కనిపించకుండా మెడ పైకి తెచ్చి, లోపల పొరలు పొరలుగా మెత్త పెట్టి కుట్టేవారు. ఏడాదికి రెండు జాకెట్లు. ఏడాదికేడాదికి పుస్తకంలో కుడి చెయ్యి అంకె పెరుగుతూ వచ్చింది. పన్నెండు, పన్నెండుంపావు, పదమూడు.

ఏడేళ్ళు గడిచాయి. 1985 ఏప్రిల్‌లో ఒక శనివారం స్నానం చేస్తుండగా లూసీ గారి చేతికి తన కుడి రొమ్ములో, చంక వైపు, బఠాణీ గింజ కంటే కాస్త పెద్దది తగిలింది. అప్పటికి ఆవిడకి నలభై ఎనిమిది. ఊరందరికీ కొలతలు తీసిన మనిషి తన ఒంటికి ఎప్పుడూ టేపు పెట్టుకోలేదు. పాత జాకెట్టు పరిచి, దాని మీదే కొత్తది కత్తిరించుకునేవారు. ఎన్నాళ్ళ నుంచి ఉందో ఏమో అని ఆ రోజంతా తనను తాను తిట్టుకున్నారు.

సోమవారం దైవాశీర్వాదం గారు సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. పేరున్న ముసలి డాక్టరు. గడ్డ నొక్కి చూసి, వచ్చే గురువారం చేసేద్దాం అని కాగితం ముందుకి జరిపాడు. లూసీ గారు కళ్ళజోడు తీసి పెట్టుకుని చదవడం మొదలుపెట్టారు. నిదానంగా, వేలు పెట్టి, ఒక్కొక్క ముక్కే. డాక్టరు గోడ గడియారం చూశాడు. దైవాశీర్వాదం గారు ఇబ్బందిగా కదిలారు.

"లూసీ, ఏంటది? సైన్ చెయ్యి. ఆయన వెయిట్ చేస్తున్నారు."

"చదవనివ్వండి." చదివాక డాక్టరు వైపు తిరిగి తనకొచ్చిన ఇంగ్లీషులో అడిగారు, "నేను నిద్రలో ఉండగా ఇది క్యాన్సరని తేలితే, నన్ను లేపి అడుగుతారా?"

లేపడం ఉండదనీ, ఒకే మత్తులో పని అయిపోవడం ఆవిడకే మంచిదనీ ఆయన ఓపిగ్గానే చెప్పాడు. రొమ్ము, దాని కింది కండ, చంకలో బిళ్ళల్లా ఉండే లింఫ్ గ్రంథులు అన్నీ తీసేస్తాననీ, ముప్ఫై ఏళ్ళుగా ఇలాగే చేస్తున్నాననీ అన్నాడు. లూసీ గారు కాగితం నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని లేచి నిలబడ్డారు.

ఇంటికొచ్చి తాళం తీయగానే దైవాశీర్వాదం గారు ఆగలేకపోయారు.

"మా ల్యాబ్‌లో ఒక్క సీసాలో తేడా వస్తే బ్యాచ్ బ్యాచంతా పారేస్తాం లూసీ. ఈ సీసా బాగుంది, ఆ సీసా బాగుందని ఏరుకుంటూ కూర్చోం. మొత్తం తీసేయమను. నాకు నువ్వుంటే చాలు."

"నాకు చెయ్యి కావాలండీ."

"చెయ్యికేమవుతుంది?"

"కండ తీసేస్తే చెయ్యి లేవదు. వాచిపోతుంది. కత్తెర పట్టలేను."

"నీకెవరు చెప్పారు?"

లూసీ గారు జవాబు చెప్పలేకపోయారు. ఎవరు చెప్పారో చెప్పాలంటే పేజీకి పేరు పెట్టాలి. ఏడేళ్ళ మాట. ఆయనకి ఈ మౌనం వట్టి మొండితనంలా కనిపించింది. భయంతో ఏదేదో ఊహించుకుంటోందనుకున్నారు. గురువారం వెళ్ళాల్సిందేనని ఒకటికి రెండుసార్లు అని, డాక్టరు ఆఫీసుకి ఫోన్ చేసి, వస్తున్నాం అని కూడా చెప్పేశారు. ఆయనకి భార్య మీద ఉన్న ప్రేమ అంతా ఆ ఫోనులోనే ఉంది, పాపం. దాన్ని ఎలా కాదనాలో లూసీ గారికి తెలియలేదు.

మంగళవారం సాయంత్రం విజయశ్రీ జాకెట్టు గుడ్డ పట్టుకుని వచ్చింది. బేస్‌మెంట్ మెట్ల మీదే ఆగిపోయింది. బల్ల మీద ఆరు గుడ్డలు కత్తిరించకుండా పడున్నాయి. లూసీ గారి బల్ల మీద గుడ్డ రెండో రోజు చూడడం ఎవరూ ఎరగరు.

"ఏమైంది అక్కా?"

లూసీ గారు దాచలేదు. గడ్డ సంగతి, కాగితం సంగతి, గురువారం సంగతి అన్నీ చెప్పారు. చివర్లో, "మీ మాట మాత్రం ఎత్తలేదండి. ఎత్తనుగా," అన్నారు.

విజయశ్రీ చేతిలో గుడ్డ బల్ల మీద పెట్టింది. వెనక్కి తిరిగి మెట్లెక్కింది. లూసీ గారు వెనకే వెళ్ళారు. పైన హాల్లో దైవాశీర్వాదం గారు పేపరు చేతిలో పట్టుకుని ఉన్నారు, చదవడం లేదు. విజయశ్రీ ఆయన ఎదురుగా నిలబడి, కుడి భుజం మీది పైట వెనక్కి నెట్టి, జాకెట్టు చెయ్యి మోచేతి పైదాకా మడిచింది. జాకెట్టు చెయ్యి ఎంత వదులుగా కుట్టినా వాపు మీద గుడ్డ అచ్చులు పడి ఉన్నాయి.

"చూడు అన్నా," అంది. "ఏడేండ్లయింది. గీ చెయ్యితోని బిడ్డకు జడ ఎయ్యలే. పైన అరలున్న ఉప్పు డబ్బ అందుకోలే. అక్కకు తెలుసు, ఎందుకంటె నాకు జాకెట్లు కుట్టేది అక్కనే. నేను చెప్పొద్దన్న, అందుకే నీకు చెప్పలే."

ఆయన పేపరు పక్కన పెట్టారు. ఏం చూడాలో ఏం చూడకూడదో తెలియక నేల చూశారు.

"నేను బతికిన. డాక్టర్ బతికిచ్చిండు, కాదంటలే. కాని నన్ను ఎవ్వరు అడగలే అన్నా. అడుగుతే ఏమంటుంటినో, ఇదే తీసేయమంటుంటినేమో. కాని అడగలే. అక్కను అడగనీ."

అంతే. జాకెట్టు చెయ్యి దించుకుని, పైట సర్దుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఇంత మాట ఒక పరాయి మగాడి ముందు అనడానికి ఆమెకెంత కష్టమైందో తెలిసినవాళ్ళకి తెలుసు. కారులో కూర్చుని పది నిమిషాలు స్టార్ట్ చేయలేకపోయింది.

మర్నాడు పొద్దున్నే దైవాశీర్వాదం గారు డాక్టరు ఆఫీసుకి ఫోన్ చేసి గురువారం రావడం లేదని చెప్పారు. తర్వాత కంపెనీ లైబ్రరీలో కూర్చుని, సాయంత్రం చంకలో కాగితాల కట్టతో వచ్చారు. ఆయన చదివితే తప్ప నమ్మని మనిషి, చదివితే మాత్రం నమ్మేస్తారు. వందల మంది ఆడవాళ్ళని ఏళ్ళ తరబడి గమనించి రాసిన వ్యాసం ఒకటి ఆ వసంతంలోనే అచ్చయింది. ఎర్ర పెన్సిలుతో గీతలు గీసుకొచ్చారు. "లూసీ, నువ్వన్నది అబద్ధమేం కాదు. ఇంకో దారి ఉన్నట్టే ఉంది," అన్నారు. క్షమించమని ఆయన ఇంతకంటే బాగా ఎప్పుడూ అడగలేదు.

రెండో డాక్టరు పేరు హోవెల్. నలభై ఏళ్ళ మనిషి, ఆడమనిషి. ముందు ముక్క మాత్రమే తీసి పరీక్షకి పంపింది. లూసీ గారు మెలకువగానే ఉన్నారు. వారం తర్వాత కూర్చోబెట్టి, క్యాన్సరే అని చెప్పి, లూసీ గారు కళ్ళు తుడుచుకునేదాకా ఆగింది. తర్వాత ఒక తెల్ల కాగితం మీద మూడు బొమ్మలు గీసింది.

మొదటిది పాత పద్ధతి, విజయశ్రీకి చేసింది. రెండోది రొమ్మూ చంక బిళ్ళలూ తీసి కండని వదిలేయడం. మూడోది గడ్డనీ, దాని చుట్టూ రోగం లేని భాగాన్ని కాస్తా తీసి, చంకలో బిళ్ళలు తీసి, మిగిలిన రొమ్ముకి ఆరు వారాలు రేడియేషన్ ఇవ్వడం. ఇంత చిన్న గడ్డకి రెండోదాంట్లోనూ మూడోదాంట్లోనూ బతికే అవకాశం ఒకటేనని లెక్కలు చెబుతున్నాయనీ, అయితే ఇవి ఐదేళ్ళ లెక్కలేననీ, పదేళ్ళవి ఇంకా తన దగ్గర లేవనీ చెప్పింది. లేని అంకెని లేదని చెప్పినందుకు దైవాశీర్వాదం గారికి ఆమె మీద గురి కుదిరింది.

లూసీ గారు కాగితం దగ్గరికి లాక్కుని మూడో బొమ్మ మీదికి వంగారు. "చుట్టూ ఎంత వదులుతారు?"

డాక్టరు వేళ్ళతో చూపించింది. తీసిన ముక్క అంచులకి రంగు పూసి, మైక్రోస్కోప్ కింద చూస్తామనీ, క్యాన్సర్ ఆ రంగుని తాకితే అంచు చాలలేదని అర్థమనీ చెప్పింది.

"చాలకపోతే?"

"మళ్ళీ కాస్త తీస్తాం. అప్పటికీ చాలకపోతే రొమ్ము తీయాలి."

ఇది లూసీ గారికి వెంటనే అర్థమైంది. కుట్టు లోపలికి గుడ్డ వదలకుండా కత్తిరిస్తే ఎంత మంచి కుట్టూ నిలవదు. పైకి ఎలా కనిపించినా అసలు సంగతంతా లోపల వదిలిన ఆ అరంగుళంలోనే ఉంటుంది. జన్మంతా ఆవిడ చేసిన పనే అది.

"చెయ్యి ఎంత లేస్తుంది?"

"చెప్పలేను," అంది డాక్టరు. "కండని ముట్టుకోను. బిళ్ళలు తీస్తాను కాబట్టి కొన్నాళ్ళు బిగుసుకుంటుంది. తర్వాతిది మీరు ఎంత కష్టపడతారన్న దాన్ని బట్టి."

భర్త వైపు చూశారు. ఆయన కాగితాలు మడిచి, "నీ ఇష్టం లూసీ," అన్నారు. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో ఆ మాట ఆయన చాలాసార్లు అన్నారు గానీ, ఇంత కష్టపడి అనడం ఆవిడ చూడలేదు. మూడో బొమ్మ మీద వేలు పెట్టారు. కాగితం ఇచ్చాక మొత్తం చదివి, అర్థంకాని రెండు మాటలు అడిగి, అప్పుడు సంతకం చేశారు.

మే నెలలో ఆపరేషన్ అయింది. చంకలో తీసిన పద్నాలుగు బిళ్ళలూ శుభ్రంగా ఉన్నాయి. అంచు మాత్రం ఒక వైపు చాలలేదు. ఆ కబురు విన్న రోజు దైవాశీర్వాదం గారి పెదవి దాకా ఏదో వచ్చి ఆగింది. ఏమొచ్చిందో లూసీ గారికి తెలుసు, ఆపుకున్నందుకు ఆయన చెయ్యి పట్టుకున్నారు. మళ్ళీ మత్తు, మళ్ళీ కుట్లు, మళ్ళీ నాలుగు రోజుల ఎదురుచూపు. ఆదివారం తెలుగు ప్రార్థన కూటంలో అందరూ ఆవిడ పేరు ఎత్తి ప్రార్థన చేస్తుంటే, ఆవిడ మాత్రం దేవుణ్ణి ఒక్క అరంగుళం అడిగారు. ఈసారి నాలుగు వైపులా అంచు శుభ్రంగా వచ్చింది. హోవెల్ స్వయంగా ఫోన్ చేసి చెప్పింది.

జూన్ నుంచి జూలై దాకా రేడియేషన్, వారానికి ఐదు రోజులు. దైవాశీర్వాదం గారికి సెలవులు అయిపోయాయి. విజయశ్రీ వచ్చి, వాచిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడమ చేత్తో డ్రైవ్ చేస్తూ తీసుకెళ్ళేది. అక్కడి పిల్ల ఒంటి మీద ఊదారంగు సిరాతో గీతలు గీసి, చెరపొద్దని చెప్పింది. లూసీ గారు వంగి చూసుకుని, "నీ గీత ఆ చివర వంకర పోయింది," అన్నారు. ఆ పిల్ల నవ్వి, అది వంకరగానే ఉండాలంది. ఇంటికొచ్చేసరికి తెల్ల జాకెట్టు నిండా ఊదా మరకలు. నాలుగో వారానికి చర్మం ఇస్త్రీపెట్టె తగిలినట్టు నల్లబడి మండింది. ఆ మంటకి ఆవిడ ఎవరి మీద పడితే వాళ్ళ మీద విసుక్కునేవారు, ముఖ్యంగా విజయశ్రీ డ్రైవింగ్ మీద.

చెయ్యి మాత్రం మొండికేసింది. మొదటి వారం దువ్వెన కూడా అందలేదు. గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళతో పైకి పాకించమని హాస్పిటల్‌లో నేర్పారు. లూసీ గారు బేస్‌మెంట్ గోడ దగ్గర నిలబడి, వేళ్ళు ఎంతవరకు వెళ్ళాయో అక్కడ గుడ్డ మీద గీసే సుద్దతో గీత గీసి, పక్కన తేదీ వేసేవారు. కొన్ని రోజులు గీత మీద గీత పడేది, ఒక్క వెంట్రుక కూడా జరిగేది కాదు. ఆ రోజుల్లో గోడని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ తిట్టేవారు. దైవాశీర్వాదం గారు ల్యాబ్ నుంచి వస్తూనే కిందికి దిగి, టేపు పెట్టి, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చూసేవారు. "పావంగుళం," అనేవారు, లేకపోతే "రేపు చూద్దాం," అనేవారు. అక్టోబరుకి గీతలు ఆవిడ తల దాటాయి. క్రిస్మస్‌కి పై అర అందింది. ఎడమ చేతికంటే జానెడు కిందనే ఆగింది గానీ, అందింది.

1986 మార్చి చివర్లో విజయశ్రీ ముదురాకుపచ్చ పట్టుగుడ్డ తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఉగాది ఫంక్షన్‌కు కావాలె అక్కా. హైస్కూల్ ఆడిటోరియంల. ఈసారి పైట ఎడమ భుజం మీదికి ఏస్కుంట, మనోళ్ళ లెక్క."

లూసీ గారు తలెత్తి చూశారు. అలా వేసుకుంటే కుడి వైపు పైట చాటుండదు. మెడ, గూడెముక కింది గుంట, వాచిన చెయ్యి అన్నీ జాకెట్టే కాచుకోవాలి.

"బాగా ఆలోచించారా?"

"ఎనిమిదేండ్లు ఆలోచించిన. మొన్న మన తెలుగోళ్ళల్లనే మీనా అనే పిల్లకు గడ్డ తగిలిందట, ఎవ్వరికి చెప్పుకోవాల్నో తెల్వక నెల రోజులు ఏడ్సుకుంట కూసున్నది. నేనున్నని తెలుస్తె నాకన్న చెప్తుండె గద. ఇగ దాచుడు సాలు అక్కా."

ఆపరేషన్ అయ్యాక లూసీ గారు నూలుగుడ్డలు కత్తిరించారు గానీ పట్టు ముట్టుకోలేదు. పట్టు జారిపోతుంది. మధ్యలో ఆపకుండా, బల్ల ఈ చివర నుంచి ఆ చివరకి ఒకే ఊపులో కత్తెర పోవాలి. చెయ్యి ఆగితే గుడ్డ పోతుంది. గుడ్డ పరిచి, సుద్దతో గీసి, కత్తెర అందుకున్నారు. చంక కింద లాగింది. బల్ల సగం దాటాక గట్టిగా లాగింది. పళ్ళు బిగించి, ఊపిరి బిగపట్టి, పూర్తిగా చాచారు. కత్తెర అంచు దాటి అవతల గాలిలోకి వచ్చింది. గీత పక్కకి పోలేదు. లూసీ గారు కత్తెర కింద పెట్టి, పట్టు అంచు మీద చెయ్యి వేసి, కాసేపు ఏడ్చారు. ఏడాదిగా దాచుకున్నదంతా అప్పుడొచ్చింది. విజయశ్రీ ఆపమనలేదు.

తర్వాత పేరు లేని పేజీ తీసి కొత్త కొలతలు రాస్తుంటే, విజయశ్రీ ఆవిడ చేతిలో పెన్ను తీసుకుంది. ఎనిమిదేళ్ళుగా ఖాళీగా ఉన్న ఆ పై గీత మీద ఎడమ చేత్తో, వంకర టింకర అక్షరాలతో తన పేరు రాసుకుంది. ఆ తర్వాత పుస్తకం మొదటి నుంచీ చివరి దాకా తిరగేసింది.

"నీ పేజీ ఏది అక్కా?"

"నాకెందుకు? పాత జాకెట్టు పెట్టుకుని కత్తిరించుకుంటాను."

"పాత జాకెట్ ఇప్పుడు సరిపోదు," అంది విజయశ్రీ. ఖాళీ పేజీ చూసి పైన లూసీ అని రాసింది. లూసీ గారి మెడలో వేలాడుతున్న టేపు తీసుకుని ఎదురుగా నిలబడింది. "చేతులు పైకెత్తు అక్కా."

లూసీ గారు రెండు చేతులూ ఎత్తారు. కుడిది జానెడు తక్కువగా లేచింది. విజయశ్రీ టేపు చుట్టి, అంకె చూసి, రాసుకుంది.